గీత మీద పడిన బంతి



వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, పిల్లల్ని ఏదో ఒక ఆటలో చేర్పించాలనే ఆలోచన తల్లిదండ్రులకు వస్తుంది. క్రికెట్టుకు వెళ్ళేవారు ఎక్కువ. టెన్నిస్ కోర్టు ఉన్న ఊళ్ళలో అటువైపు వెళ్ళేవారూ కొందరున్నారు. చేర్పించిన పది రోజులకే తండ్రి శిక్షకుణ్ణి అడిగే ప్రశ్న ఒకటుంది: "మా వాడి ఆట త్వరగా మెరుగుపడాలంటే ఏం చేయాలండీ?"

శిక్షకుడు తనకు తెలిసింది చెబుతాడు. బంతిని చివరిదాకా చూడమంటాడు. అవతలివాడు బంతిని కొట్టబోయే క్షణానికి చిన్న గెంతు వేసి, రెండు పాదాల మీద తేలికగా సిద్ధంగా ఉండమంటాడు. సర్వీసు తప్పుతుంటే చేతిని తిట్టుకోవద్దనీ, బంతిని పైకి ఎగరవేసే తీరు ముందు సరిచూసుకోమనీ అంటాడు. ఇరుకున పడినప్పుడు బంతిని గీత వెంబడి తిన్నగా కాకుండా మూలనుంచి మూలకు కొట్టమంటాడు. దానికి లెక్క ఉంది. కోర్టు పొడవు 78 అడుగులు, సింగిల్స్ ఆటకు వెడల్పు 27 అడుగులు. మూలనుంచి మూలకు కొడితే దాదాపు నాలుగున్నర అడుగుల చోటు అదనంగా దొరుకుతుంది. పైగా నెట్టు ఎత్తు కొయ్యల దగ్గర మూడున్నర అడుగులైతే నడిమధ్యన మూడడుగులే. అంటే బంతి దాటవలసిన గోడ కూడా అక్కడ ఆరు అంగుళాలు తక్కువ.

ఇవన్నీ మంచి మాటలే, పాటించవలసినవే. అయితే వీటికంటే ముందు నేర్చుకోవలసినది ఒకటుంది. అది చేతికి, కాలికి సంబంధించినది కాదు. ఉన్నది ఉన్నట్టు చూడటానికి సంబంధించినది. ఈ వారం దాన్ని గురించి మీతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

చాలా ఏళ్ళ కిందటి మాట. నేను టెన్నిస్ ఆలస్యంగా నేర్చుకున్నాను. మా ఊళ్ళో మట్టి కోర్టు ఒకటి ఉండేది. సాయంత్రం నాలుగు గీతలూ సున్నంతో గీసి ఆడుకునేవాళ్ళం. నాతో ఆడే ఆయన రైల్వేలో పనిచేసి విరమించిన పెద్దమనిషి. వయసులో నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఒకనాడు సెట్టు చెరి అయిదు గేములతో సమానంగా ఉంది. ఆయన కొట్టిన బంతి నా కుడివైపు గీత దగ్గర పడింది. నేను పరుగెత్తినా అందలేదు. "అవుట్" అన్నాను.

సున్నపు గీత మీద బంతి పడితే పొడి లేస్తుంది. ఆ రోజు లేచింది. నేను చూశాను. చూసిన తరువాత కూడా నా మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, "సరే మాస్టారూ, మీ వైపు పడిన బంతి, మీ మాటే మాట" అని వెనక్కి నడిచారు. ఆ సెట్టు నేనే గెలిచాను. ఇంటికి వెళ్ళి గెలిచానని చెప్పాను కూడా.

టెన్నిస్ తెలియనివారి కోసం ఇక్కడ ఒక నియమం చెప్పాలి. పెద్ద పోటీలకు అంపైర్ ఉంటాడు. అంపైర్ లేని ఆటలో నెట్టుకు ఇవతల పడిన బంతికి ఇవతలివాడే తీర్పరి, అవతల పడినదానికి అవతలివాడు. బంతి గీతను ఏ కొంచెం తాకినా లోపల పడినట్టే లెక్క. బయట పడిందని కచ్చితంగా కనిపిస్తేనే "అవుట్" అనాలి. సందేహం ఉంటే లోపల పడిందనే ఒప్పుకోవాలి. ఆ పాయింటు ఎదుటివాడిదే.

ఇది ఎంత వింతైన నియమమో ఆలోచించండి. పొలం గట్టు తగాదా వస్తే ఊరి పెద్దల్ని పిలుస్తాం, సర్వేయరును పిలుస్తాం. తగాదాలో ఉన్న ఇద్దరిలో ఒకరి చేతికి గొలుసు ఇచ్చి "నువ్వే కొలిచి చెప్పు" అని ఎవరూ అనరు. న్యాయస్థానంలో తన బంధువు కేసు వస్తే న్యాయమూర్తి దాన్ని వినకుండా తప్పుకుంటాడు. ఈ ఆట మాత్రం నీ లాభనష్టాలకు నిన్నే తీర్పరిగా కూర్చోబెడుతుంది. పడిన బంతికి నువ్వే దగ్గరగా ఉన్నావు కాబట్టి నీకే బాగా కనిపిస్తుందనేది ఒక కారణం. కనిపించినది కనిపించినట్టు చెబుతావనే నమ్మకం రెండోది. ఆ నమ్మకం లేకపోతే ఆ ఆట అసలు సాగదు.

ఇప్పుడు పెద్ద పోటీల్లో యంత్రాలు వచ్చాయి. 2006 నుంచి కెమెరాల సాయంతో బంతి ఎక్కడ పడిందో చూపించమని ఆటగాళ్ళు అడిగే వీలు కలిగింది. 2025లో వింబుల్డన్‌లో గీతల దగ్గర నిలబడే లైన్ జడ్జీలను పూర్తిగా తప్పించి ఆ పనిని యంత్రాలకు అప్పగించారు. మంచిదే. కాని మన ఊరి కోర్టులో ఆ కెమెరా లేదు. అక్కడ ఉన్నవి మన రెండు కళ్ళే.

సరే, ఆ రోజు నేను అబద్ధమాడాను. అది తప్పని మీరంటారు, నేనూ అంటాను. కాని నేను చెప్పదలచినది అంతటితో అయిపోలేదు. ఆ అబద్ధం నా ఆటను ఏం చేసిందో వినండి.

నాకు బ్యాక్‌హ్యాండ్ సరిగా వచ్చేది కాదు. ఎడమవైపు బంతి వస్తుందంటే భయం. అందుకని అలవాటుగా ఎడమవైపు రెండడుగులు జరిగి నిలబడేవాణ్ణి, ఎటువచ్చినా ఫోర్‌హ్యాండ్‌తోనే కొట్టవచ్చుననే ఆశతో. దాంతో కుడివైపు కోర్టంతా ఖాళీ. ఆ పెద్దమనిషి అది గమనించి ఆ ఖాళీలోకి బంతి పంపారు. నేను "బాగా కొట్టారండీ" అని ఉంటే ఆ రాత్రి నన్ను నేను ఒక ప్రశ్న వేసుకునేవాణ్ణి: "ఆ బంతి నాకెందుకు అందలేదు?" ఆ ప్రశ్న నన్ను నా ఎడమచేతి వైపు భయం దగ్గరికి తీసుకువెళ్ళేది. కాని నేను "అవుట్" అన్నాను. బయట పడిన బంతి అందకపోతే ఏమిటి? ఇక అడగవలసిన ప్రశ్నే లేదు. బంతితోపాటు నా లోపాన్ని కూడా గీత బయటికి నెట్టేశాను. ఆ తరువాత మూడు నెలలు అదే చోట బంతులు పడుతూనే ఉన్నాయి, నేను ఓడుతూనే ఉన్నాను.

పాఠకులారా, నేను చెప్పదలచినది ఇదే. ఎదుటివాడి పాయింటు దొంగిలించినవాడు ముందుగా తన పాఠాన్ని పోగొట్టుకుంటాడు. ఆట మెరుగుపడటమంటే మన తప్పు మనకు కనబడటం, కనబడినదాన్ని ఒప్పుకోవడం, ఒప్పుకున్నదాన్ని దిద్దుకోవడం. మొదటి మెట్టే విరగ్గొట్టుకున్నవాడు మూడో మెట్టు ఎలా ఎక్కుతాడు?

ఇక్కడ ఒకరు లేచి అడగవచ్చు: "నిజం చెబితే ఆట బాగుపడుతుంది, గెలుపు దానంతటదే వస్తుంది అంటారా?" లేదు. అలా అంటే మళ్ళీ అబద్ధమే అవుతుంది. రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి.

1982లో పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్. స్వీడన్‌కు చెందిన మాట్స్ విలాండర్‌కు అప్పటికి 17 ఏళ్ళు. అర్జెంటీనా ఆటగాడు హోసె లూయిస్ క్లెర్క్‌తో ఆడుతున్నాడు. మరొక్క పాయింటు వస్తే గెలుపు. క్లెర్క్ కొట్టిన బంతి బయట పడిందన్నారు. అంపైర్ విలాండర్ గెలిచినట్టు ప్రకటించాడు. కాని బంతి లోపలే పడిందని విలాండర్‌కు అనిపించింది. ఇలా గెలవడం నాకు ఇష్టం లేదని అంపైర్ దగ్గరికి వెళ్ళి ఆ పాయింటును మళ్ళీ ఆడించమన్నాడు. మళ్ళీ ఆడారు, విలాండర్ గెలిచాడు. ఫైనల్లో గిలెర్మో విలాస్‌ను కూడా ఓడించి ఆ పోటీ నెగ్గాడు. ఈ కథ పిల్లలకు చెప్పడానికి ఎంతో హాయిగా ఉంటుంది. నిజం పలికాడు, గెలిచాడు.

ఇప్పుడు రెండోది. 2005లో రోమ్ నగరంలో జరిగిన పోటీ. అమెరికాకు చెందిన ఆండీ రాడిక్, స్పెయిన్‌కు చెందిన ఫెర్నాండో వెర్దాస్కో ఆడుతున్నారు. రాడిక్‌కు ఒక్క పాయింటు వస్తే చాలు. వెర్దాస్కో వేసిన రెండో సర్వీసు బయట పడిందన్నారు. అంటే ఆట ముగిసినట్టే, రాడిక్ గెలిచినట్టే. కాని ఎర్రమట్టి మీద బంతి గుర్తు మిగులుతుంది. రాడిక్ ఆ గుర్తును చూపించి, బంతి లోపలే పడిందని తానే చెప్పాడు. పాయింటు వెర్దాస్కోకు ఇచ్చారు. అక్కడినుంచి ఆట తిరిగింది. చివరికి రాడిక్ ఓడిపోయాడు.

ఈ రెండో కథను పిల్లలకు చెప్పడానికి మనం కాస్త తటపటాయిస్తాం. ఎందుకంటే మనలో ఒక మూల ఒక లెక్క ఉంది: మంచి చేస్తే మంచి జరగాలి, అదీ ఈ సాయంత్రానికే జరగాలి. అలా లెక్క వేసుకుని నిజం చెప్పేవాడు, లెక్క తప్పిన రోజున నిజం చెప్పడం మానేస్తాడు. రోమ్‌లో ఆ రోజు రాడిక్ పోటీ పోగొట్టుకున్నాడు. కాని బంతి ఎక్కడ పడిందో దాన్ని అక్కడే చూశాడు. మట్టి మీది గుర్తుకూ అతని నోటి మాటకూ తేడా లేదు. పారిస్‌లో విలాండర్ చేసినదీ అదే. ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. వారు చేసిన పని మాత్రం ఒక్కటే.

మరో సందేహం కూడా న్యాయమైనదే. "మోసం చేసేవాళ్ళు కూడా బాగా ఆడుతున్నారు కదండీ, వాళ్ళ ఆట ఎలా మెరుగుపడింది?" నిజమే. చేతికి నేర్పు రావడానికి మనిషి మంచివాడై ఉండనక్కరలేదు. వెయ్యి బంతులు కొడితే చెడ్డవాడి చేతికైనా నేర్పు వస్తుంది. దాన్ని కాదనలేం. కాని అటువంటివాడు తనలో రెండు కళ్ళు పెట్టుకోవాలి. సాధనలో తన తప్పును ఉన్నదున్నట్టు చూసే కన్ను ఒకటి, ఆటలో తనకు కావలసినట్టు చూసే కన్ను మరొకటి. ఎంతకాలం ఆ రెంటినీ విడివిడిగా ఉంచుకోగలడు? నా అనుభవంలో రెండోది మొదటిదాన్ని మెల్లగా మూసేస్తుంది. గాలి వల్ల ఓడాను, రాకెట్ తీగ వదులైంది, ఎండ కళ్ళలో పడింది అనే మాటలు ఒక్కొక్కటిగా వస్తాయి. ఒక్కోరోజు అవి నిజం కూడా కావచ్చు. ఏడాది పొడుగునా అవే నిజమైతే మాత్రం కొంచెం ఆగి ఆలోచించాలి.

కనుక ఆట మెరుగుపరచుకోవాలనుకునే ప్రతి పిల్లవాడికీ, పెద్దవారికీ కూడా ఒక చిన్న పని చెబుతాను. ఖర్చు లేనిది. రోజూ సాధన అయ్యాక ఒక నోటుపుస్తకంలో మూడు అంకెలు రాయండి. ఇరవై సర్వీసులు వేస్తే ఎన్ని లోపల పడ్డాయి? బ్యాక్‌హ్యాండ్‌కు వచ్చిన ఇరవై బంతుల్లో ఎన్ని తిరిగి నెట్టు దాటాయి? ఈ రోజు ఎన్నిసార్లు ఎడమవైపు బంతికి భయపడి పక్కకు తప్పుకున్నాను? మొదటి రెండూ రాయడం సులభం. మూడోది రాయడానికి చెయ్యి ముందుకు రాదు. రాత్రి పడుకోబోయే ముందు ఆత్మపరిశోధన చేసుకునే అలవాటున్న మన కుటుంబాలకు ఈ పద్ధతి కొత్తది కాదు. ఎవరికీ చూపించనక్కరలేని పుస్తకంలో కూడా మనం అంకె తగ్గించి రాస్తున్నామంటే, అప్పుడు తెలుస్తుంది మనం ఎవరిని మోసగిస్తున్నామో.

లోపాన్ని ఒప్పుకున్నాక అది ఎప్పుడూ తొలగిపోవాలనే లేదు. కొన్నిసార్లు దాన్ని ఒప్పుకోవడమే వేరే దారి చూపిస్తుంది. మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా జీవితాన్నే తీసుకోండి. 2007లో సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ స్థానం దాకా వెళ్ళింది. తరువాత మణికట్టుకు, మోకాళ్ళకు గాయాలు, శస్త్రచికిత్సలు. సింగిల్స్ ఆట తన శరీరం ఇక భరించలేదని ఒప్పుకుని, డబుల్స్ మీదనే మనసు పెట్టింది. తన ఫోర్‌హ్యాండ్ బలం ఎక్కడ పనికివస్తుందో అక్కడ దాన్ని వాడుకుంది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానం అందుకుంది. భారతదేశం నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి మహిళ ఆమే. అదే సంవత్సరం మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. శరీరం చెప్పిన నిజాన్ని "అవుట్" అని కొట్టిపారేసి ఉంటే ఈ దారి ఆమెకు కనబడేదా?

తల్లిదండ్రులారా, ఇప్పుడు మీతో ఒక్క మాట. పిల్లవాడు కోర్టునుంచి ఇంటికి వస్తాడు. చెమట కూడా ఆరలేదు. గుమ్మంలోనే మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "గెలిచావా?" ఈ ప్రశ్నలో తప్పేముంది అంటారా? రోజూ అదే మొదటి ప్రశ్న అయితే పిల్లవాడికి ఒక సంగతి అర్థమవుతుంది: ఓడితే ఇంట్లో ముఖాలు మాడిపోతాయి, గెలిస్తే ఇంట్లో పండగ. అటువంటి పిల్లవాడు గీత మీద పడిన బంతిని చూసినప్పుడు అతనికి బంతి ఒక్కటే కనిపించదు. నాన్న ముఖం కూడా కనిపిస్తుంది. కంచె పక్కన నిలబడి మనం గుడ్లురుముతూ ఉంటే, నోట "అవుట్" అన్నది ఎవరు? వాడా, మనమా?

అమెరికా ఆటగాడు ఆండ్రీ అగస్సీ 2009లో అచ్చయిన తన ఆత్మకథలో తనకు టెన్నిస్ అంటే ద్వేషమని రాసుకున్నాడు. చిన్నతనంలో తండ్రి పెట్టిన యంత్రం బంతుల్ని విసురుతూ ఉంటే కొడుతూ పెరిగినవాడు. ప్రపంచంలో మొదటి స్థానానికి చేరినా ఆ ఆటలో తనకు ఆనందం ఉండేది కాదన్నాడు. ఆ తండ్రి కొడుకును ప్రేమించలేదని నేననను. కాని ఆ ప్రేమ బిడ్డకు గెలుపు రూపంలోనే కనిపించింది. ఇందులో మనకు హెచ్చరిక ఉంది.

"గెలిచావా?" అనడానికి బదులు "ఈ రోజు ఏం తెలుసుకున్నావు నాన్నా?" అని అడిగి చూడండి. "అవతలి అబ్బాయి ఏం బాగా ఆడాడు?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పిల్లవాడు ఎదుటివాణ్ణి శత్రువుగా కాక, తన లోపాన్ని తనకు చూపించినవాడిగా తలచుకోవలసి వస్తుంది. ఎదుటివాడు లేకపోతే ఆట లేదు. గోడకు కొట్టిన బంతి తిరిగి వస్తుంది గాని, నీ ఖాళీ ఎక్కడుందో గోడ వెతకదు. వెతికిపెట్టేవాడు ఎదుటివాడే. అంత మేలు చేసినవాడి పాయింటును మనం దొంగిలించడమా?

ఓడిపోవడం గురించి కూడా పిల్లలకు ఒక లెక్క చెప్పవచ్చు. స్విట్జర్లాండ్ ఆటగాడు రోజర్ ఫెదరర్ 2024 జూన్‌లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో పట్టభద్రులతో మాట్లాడుతూ తన సంగతే చెప్పాడు. జీవితంలో 1526 సింగిల్స్ ఆటలు ఆడి, వాటిలో దాదాపు నూటికి 80 గెలిచాడు. మరి ఆ ఆటలన్నిటిలో ఎన్ని పాయింట్లు గెలిచాడు? నూటికి 54 మాత్రమే. అంతటివాడు కూడా దాదాపు రెండింట ఒక పాయింటు పోగొట్టుకుంటూనే గెలిచాడు. అలాంటప్పుడు ఒక్క బంతి ఎదుటివాడికి వెళ్ళిందని మన పిల్లవాడు వణికిపోనక్కరలేదు. పోయిన పాయింటును పోయిందని ఒప్పుకుని, తరువాతి బంతికి సిద్ధం కావడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

ఇంతకూ నా కథ ముగించలేదు. ఆ మూడు నెలలూ నా మనసులో ఆ సున్నపు పొడి లేస్తూనే ఉంది. చివరికి ఒక సాయంత్రం ఆట మొదలుపెట్టే ముందు నెట్టు దగ్గరికి వెళ్ళి, "ఆ రోజు బంతి లోపలే పడిందండీ. నేను చూసి కూడా అబద్ధం చెప్పాను" అన్నాను. ఆ పెద్దమనిషి నవ్వారు.

"అది నాకు అప్పుడే తెలుసు మాస్టారూ. మీకు తెలుసో లేదో అనే నా అనుమానమంతా" అన్నారు. తరువాత రాకెట్టుతో నా ఎడమవైపు చూపిస్తూ, "అక్కడ నిలబడకండి. మధ్యకు రండి. ఇవాళ పాయింట్లు వద్దు, మీ బ్యాక్‌హ్యాండ్‌కే బంతులు వేస్తాను" అన్నారు.

చీకటి పడేదాకా వేశారు. సగానికి పైగా నెట్టులోనే పడ్డాయి. అయినా నా ఆట ఏ రోజు మెరుగుపడటం మొదలయిందని ఎవరైనా అడిగితే, ఆ రోజునే అంటాను.

పాఠకులారా, మీలో చాలామంది జీవితంలో రాకెట్టు పట్టుకుని ఉండకపోవచ్చు. కాని గీత మీద పడిన బంతి మీ ఇంట్లోనూ పడుతూనే ఉంటుంది. అన్నదమ్ముల లెక్కల్లో, భార్యాభర్తల మాటల్లో, అత్తాకోడళ్ళ మధ్య, పక్కింటి గోడ దగ్గర పడుతుంది. చూసినది మీరొక్కరే. చెప్పవలసినదీ మీరే. ఈ వారం అలాంటి బంతి ఒకటి పడినప్పుడు, "అవుట్" అనే మాట పెదవుల దాకా వచ్చినప్పుడు, ఒక్క క్షణం ఆగి సున్నపు పొడి లేచిందో లేదో చూడండి.